లష్కర్ బజార్లో సినిమా బేరం

కాజీపేటలో రైలెక్కేటప్పుడు నా భుజానికి రెండు ఖాళీ సంచులు. ఒకటి మా ఆవిడది. పసుపు, కుంకుమ, సాంబ్రాణి మోండా మార్కెట్లో సగం ధరకే దొరుకుతాయని ఆమెకు ముప్పై ఏళ్ల నమ్మకం. రైలు టికెట్టు ఆ లెక్కలోకి రాదు. రెండోది నాది. దాన్నిండా సినిమాలు రావాలి. ఫోన్లో వేలితో తోసేసే సినిమాలు కాదు. డబ్బా, డబ్బాలో బిళ్ల, బిళ్ల మీద పేరు ఉన్న సినిమాలు.

1986లో రైల్వే కాలనీ పక్క సందులో వీడియో లైబ్రరీ పెట్టాను. పదిహేడేళ్లు నడిచింది. 1982 ఆసియా క్రీడలప్పుడు దేశంలోకి కలర్ టీవీ వచ్చిందన్నారు గానీ మా కాలనీలో ఇంటింటికీ చేరేసరికి చాలా ఏళ్లు పట్టింది. అందుకని ఉత్త క్యాసెట్లే కాక, రాత్రికి టీవీ, వీసీఆర్, మూడు సినిమాలు కలిపి రిక్షాలో పంపేవాణ్ని. వానాకాలం టేపుకు బూజు పట్టేది. బొమ్మ మీద గీతలు పడితే కరకరలాడే కొత్త నోటు మడిచి హెడ్ తుడిచేవాళ్లం. టేపు వెనక్కి తిప్పకుండా తెచ్చి పడేసిన వాళ్లకు రూపాయి జరిమానా. జరిమానా కట్టినవాడు ఒక్కడూ లేడు, అది వేరే సంగతి.

ఆ పనిలో నేను నేర్చుకున్నది సినిమాల గురించి తక్కువ, మనుషుల గురించి ఎక్కువ. ఏం సినిమా ఇవ్వమంటావని అడిగేవాడు నిజానికి తన సంగతి చెబుతుంటాడు. నైట్ డ్యూటీ దిగివచ్చిన గార్డుకు ఏడుపు సినిమా ఇవ్వకూడదు. పరీక్షలున్న ఇంటికి జంధ్యాల సినిమా పంపకూడదు, పిల్లలు పక్క గదిలోంచి వచ్చేస్తారు. కొత్తగా పెళ్లైన ఒక కుర్రాడు మంచి ప్రేమకథ కావాలంటే ఆలోచించకుండా 'మరోచరిత్ర' ఇచ్చాను. మర్నాడు క్యాసెట్టు కౌంటర్ మీద పెట్టి మాట్లాడకుండా వెళ్లిపోయాడు. చాలా నెలలు మా సందులోకి రాలేదు.

సరుకు కోసం పదిహేను రోజులకోసారి లష్కర్ వెళ్లేవాణ్ని. సికింద్రాబాద్ అన్నది టికెట్టు మీది పేరు. 1806లో నిజాం సికిందర్ జా పేరు మీద పెట్టారు. కానీ దండు దిగిన చోటు గనక పాతవాళ్ల నోట్లో అది లష్కరే. ఆషాఢంలో ఉజ్జయినీ మహంకాళి బోనాలను లష్కర్ బోనాలని తప్ప ఇంకోలా ఎవరూ అనరు కదా.

దుకాణం ఎత్తేసి ఇరవై ఏళ్లు దాటాక మళ్లీ ఈ ప్రయాణం ఎందుకంటే మా అక్క వల్ల. పోయిన సంక్రాంతికి ఆమెకు ఫోన్లో 'మల్లీశ్వరి' పెట్టిచ్చాను. భానుమతి కళ్లెత్తి చూసే సమయానికి ఇన్సూరెన్సు ప్రకటన దూకింది. దాని వెనకే తలనొప్పి మాత్ర. అక్క ఫోను బోర్లా పెట్టేసింది. "సంతల నిలబడి చూసినట్టుంది తమ్ముడూ. సీడీ దొరికితే తే, లేకుంటే వద్దు" అంది. ఈ మాట ఎలా పాకిందో, వారం తిరక్కుండా పాత కస్టమర్లు ఒక్కొక్కరే చీటీలు చేతిలో పెట్టడం మొదలెట్టారు. రిటైరైన లోకో డ్రైవరు ఒకాయన 'దాసి' అని ఒక్క పేరే రాసిచ్చాడు. డల్లాస్‌లో ఉన్న మేనకోడలు 'ఆనంద్' కావాలంది. నా చీటీలో నేను రాసుకున్నది 'అంకుర్', 'అనుగ్రహం'.

కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు. ఈ దారిలో కిటికీ పక్కన కూర్చుంటే సినిమా చూడక్కర్లేదు, సినిమాలు పుట్టిన నేలే కదులుతుంటుంది. జనగామ దాటుతుంటే ఎడం వైపు ఎక్కడో కడవెండి. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు పడిపోయిన ఊరు. ఆ చావుతో రాజుకున్న రైతు తిరుగుబాటు మీద వచ్చిన 'మా భూమి' నా లైబ్రరీలో ఎప్పుడూ ఉండేది. కృష్ణచందర్ ఉర్దూ నవల ఆధారంగా తెలుగువాళ్లు నిర్మిస్తే, గౌతమ్ ఘోష్ అనే బెంగాలీ కుర్రాడు డైరెక్ట్ చేశాడు. మా కాలనీ బెంగాలీ గార్డు ఒకాయన అందుకోసమే అద్దెకు తీసుకుని, తెలుగు సరిగా రాకపోయినా రెండుసార్లు చూశాడు. గద్దర్ గొంగడి భుజాన వేసుకుని పాడే చోట రెండుసార్లూ ఆపి వెనక్కి తిప్పాడట. టేపు అక్కడే అరిగింది కాబట్టి నాకు తెలిసింది. ఏ సీను జనానికి నచ్చిందో అరిగిన టేపు చెప్పినంత నిజంగా ఇంకేదీ చెప్పదు.

భువనగిరి గుట్ట కనిపించిందంటే సంచులు సర్దుకోవడమే. ఏకశిల అలా బోర్లించిన మూకుడులా వచ్చి పోతుంది. తర్వాత బీబీనగర్. అక్కడ దిగి పక్కకు పోతే పోచంపల్లి. చేనేత మగ్గాల మీద శ్యామ్ బెనెగళ్ 1987లో తీసిన 'సుస్మన్' అక్కడి నేతగాళ్ల కథే. ఓం పురి మగ్గం ముందు కూర్చున్న తీరు చూసి మా బావ, ఆయన పద్మశాలి, "వీడు నటుడు కాదు, మనోడే" అన్నాడు. ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్టు ఓం పురికి ఎవరిస్తారు?

స్టేషన్ గుర్తుపట్టలేనట్టుంది. పాత ముందు భాగం కూల్చి కొత్తది కడుతున్నారు. ఎటు చూసినా రేకుల కంచెలు, క్రేన్లు. క్యాసెట్ల మూట నెత్తిన పెట్టించుకుని కూలీతో బేరమాడిన పోర్టికో లేదు. బయట అల్ఫా హోటల్ మాత్రం ఉంది, చాయ్ గ్లాసుల చప్పుడుతో సహా. ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. ఈ ఊళ్లో ఏ పనికైనా ఇదే మొదలు.

లష్కర్లో ఒక విచిత్రం ఉంది. సినిమా హాళ్లు పోయినా పేర్లు పోవు. సంగీత్ టాకీసు కూలిపోయి ఎన్నేళ్లయిందో, కండక్టరు ఇప్పటికీ "సంగీత్, సంగీత్" అని అరుస్తాడు, జనం దిగుతారు. ఇంగ్లీషు సినిమా అంటే ఒకప్పుడు సంగీతే. ప్యారడైజ్ అంటే ఇవాళ బిర్యానీ. కానీ ఆ పేరు మొదట టాకీసుది. ఆ టాకీసును అంటుకుని 1953లో పెట్టిన చిన్న కేఫ్ పెరిగి పెద్దదై పేరును తనే ఉంచుకుంది. ఇప్పుడు మెట్రో స్టేషన్‌కూ ఆ పేరే. అందులో దిగే కుర్రాళ్లకు చెబితే నమ్మరు. హాలు పోయి పేరు బతకడమంటే అదో రకం రీరన్ అనుకోవాలి.

గడియారం స్తంభం మీదుగా పార్క్ లేన్ వైపు నడిచాను. 1897 నాటి స్తంభం అది, నూట ఇరవై అడుగులు. చెనాయ్ ట్రేడ్ సెంటర్ కంప్యూటర్ల పుట్ట. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల మెట్ల కింద, వరండాల్లో సీడీల బల్లలు వరసగా ఉండేవి. ఇప్పుడు ఫోను గాజులు, చార్జర్లు, ఇయర్‌ఫోన్లు. ఒక కుర్రాడిని "డీవీడీలు?" అని అడిగాను. ప్లేయర్ రిపేరా అన్నాడు. సినిమాలు బాబూ అన్నాను. నా వైపు కాదు, నా సంచి వైపు జాలిగా చూశాడు.

ఆర్పీ రోడ్డు మీద, ఒక రేడియో రిపేరు దుకాణం వెనక గదిలో దొరికింది నా గని. దుకాణం పేరు రాయను. రాస్తే ఎల్లుండి మీరంతా వెళతారు, నాకేం మిగలదు. అట్టపెట్టెలు నేల నుంచి నడుము దాకా. యజమాని వయసులో నాకంటే పెద్దాయన. సోల్డరింగ్ గన్ను కింద పెట్టకుండానే అడిగాడు.

"క్యా హోనా మియా?"

"పురానీ తెలుగు పిక్చరాఁ, భాయ్‌సాబ్."

"దేఖ్ లో. ఏక్ బీ నయా నహీఁ."

పక్కనున్న పనివాడు నవ్వాడు. "ఆర్నెల్ల నుంచి ఎవరూ రాలే సార్. వచ్చినోళ్లు మ్యాంగో చెట్లకు కడతందుకు ఖాళీ సీడీలు అడుగుతున్నరు, పిట్టలు బెదరాలెనంట."

చాప తెప్పించుకుని కూర్చున్నాను. రెండు గంటలు. ఇక్కడ నా పాత వృత్తి పనికొచ్చింది. మీరు ఎప్పుడైనా ఇలాంటి పెట్టెల ముందు కూర్చుంటే పనికొస్తుందని చెబుతున్నాను.

మొదట డబ్బా వెనక చూడాలి, ముందు బొమ్మ కాదు. 1984లో కాపీరైటు చట్టానికి సవరణ వచ్చింది. వీడియో సినిమా అమ్మే ప్రతి డబ్బా మీదా సెన్సార్ సర్టిఫికెట్టు నకలు, తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా వేసి తీరాలని అందులో ఉంది. అది లేకపోతే దొంగ సరుకు. (నా లైబ్రరీలో మొదటి రెండేళ్లూ సగం దొంగ సరుకే ఉండేది. ఒప్పుకుంటున్నాను. అప్పుడు కొనేవాడికీ అమ్మేవాడికీ తేడా తెలియదు. తెలిశాక మానడానికి ఇంకో ఏడాది పట్టింది.)

తర్వాత బిళ్లలు లెక్కపెట్టాలి. వీసీడీలో 74 నిమిషాలు పడుతుంది, సాగదీస్తే 80. మూడు గంటలు దాటిన 'మాయాబజార్' రెండు వీసీడీల్లో ఉందంటే పాతిక ముప్పై నిమిషాలు ఎక్కడో ఎగిరిపోయాయన్నమాట. పాటలే పోతాయి సాధారణంగా, లేదా హాస్యం. మన పాత సినిమాల్లో ఆ రెండూ తీసేస్తే మిగిలేది ఏడుపూ శుభం కార్డూ. పైగా వీసీడీ బొమ్మ నిలువున 288 గీతలే, డీవీడీది 576. పెద్ద టీవీలో వీసీడీ వేస్తే సావిత్రి ముఖం గళ్ల లుంగీలా కనిపిస్తుంది.

మూడోది, ఒకే డీవీడీలో మూడు సినిమాలు అన్న డబ్బాను దూరంగా పెట్టాలి. ఒక్క సినిమాకు సరిపోయే చోట మూడు కూరితే మూడూ పాడవుతాయి. అమెరికాలో మన వాళ్ల కోసం అచ్చయిన డీవీడీలు కొన్ని తిరిగి ఇక్కడికి చేరతాయి. వాటి బొమ్మ చాలాసార్లు బాగుంటుంది. అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే కంగారు పడకండి, ఇక్కడి ప్లేయర్లు దాదాపు అన్నీ ఆడిస్తాయి. ఆఖరిది, బిళ్లను లైటుకు అడ్డంగా పట్టుకుని చూడండి. సూది బెజ్జాల్లాంటి వెలుగు చుక్కలు కనిపిస్తే పైపూత పోతున్నట్టు. అది ఎంత చవకైనా దండగే. గీతలంటారా, లోపలి నుంచి అంచుకు నిలువుగా ఉంటే పరవాలేదు. గుండ్రంగా తిరిగిన గీతైతే అక్కడ సినిమా ఆగుతుంది.

ధర సంగతి. 2007లో మోజర్ బేర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలు, డీవీడీ 34 రూపాయలు అని మార్కెట్లోకి దిగినప్పుడు మా వ్యాపారంలో మిగిలినవాళ్లు నోరెళ్లబెట్టారు. కిలో బియ్యం రేటుకు సినిమా. అద్దెకు తెచ్చుకోవడం ఎందుకు, కొనుక్కోవచ్చు. జనం అలాగే కొన్నారు, చూశారు, చూరులో పడేశారు. పదేళ్లు తిరిగేసరికి కంపెనీయే దివాలా తీసింది, 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. ఇప్పుడు నేను ఏరుతున్న పెట్టెల్లో సగం ఆ 28, 34 రూపాయల డబ్బాలే. భాయ్‌సాబ్ ఒక్కోటి యాభై అన్నాడు. పాతదానికి కొత్తదానికంటే ఎక్కువ ఏమిటన్నాను. "నయా కహాఁ హై?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. మొత్తం మీద నలభైకి తెగింది.

'మల్లీశ్వరి' రెండు దొరికాయి. ఒకటి వీసీడీ, ఒకటి డీవీడీ. బి.ఎన్. రెడ్డి 1951లో తీసిన ఈ సినిమా రెండేళ్లకు చైనాలో కూడా ఆడింది. దేవులపల్లి కృష్ణశాస్త్రి సినిమాకు కలం పట్టింది దీంతోనే. నేను లైబ్రరీలో ఎవరికీ దీన్ని వంక లేకుండా ఇవ్వలేకపోయేవాణ్ని. కుర్రాళ్లకు నత్తనడక. నలభై దాటినవాళ్లు తిరిగి ఇవ్వరు. నా మాట వింటే రెండు సాయంత్రాలుగా చూడండి, మల్లి కోటలోకి వెళ్లే దాకా ఒకరోజు, వెళ్లాక ఒకరోజు. ఆ మధ్య రాత్రి మీకు సరిగా నిద్ర పట్టకపోతే సినిమా పనిచేసినట్టు.

'మాయాబజార్' రంగులది, నలుపు తెలుపుది, రెండూ పక్కపక్కనే ఉన్నాయి. రంగులు అద్దింది ఇక్కడికి కూతవేటు దూరంలోనే. సరోజినీదేవి రోడ్డులోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ వాళ్లు నెలల తరబడి కూర్చుని ఒక్కో ఫ్రేముకూ రంగు వేసి 2010 జనవరి 30న విడుదల చేశారు. వాళ్ల ఓపికకు దండం. పిల్లలు థియేటర్లో ఘటోత్కచుణ్ని చూసి ఈలలు వేశారంటే అది వాళ్ల పుణ్యమే. కానీ మీరు ఒకటే కొనేట్టయితే నలుపు తెలుపుదే కొనండి. మార్కస్ బార్ట్‌లీ వెన్నెలను తెలుపు మీద తెలుపుగా తీశాడు. పడవ పాటలో నీళ్లకు నీలం పూస్తే అది వెన్నెల కాదు, పెయింటు. మా మనవడు ఒప్పుకోడు. వాడి కోసం రంగులది కూడా కొన్నాను, రాజీ.

అడుగు పెట్టెలో 'స్త్రీ' కనిపించినప్పుడు చేయి వణికింది. పాలగుమ్మి పద్మరాజు కథ 'పడవ ప్రయాణం'ను మలయాళ దర్శకుడు కె.ఎస్. సేతుమాధవన్ 1995లో తెలుగులో తీశాడు. తెలుగువాళ్లలో చూసినవాళ్లకంటే పేరు విన్నవాళ్లే ఎక్కువ. గోదావరి మీద ఒక పడవ, ఒక దొంగ, వాణ్ని వదల్లేని రోహిణి. అంతే. ఇంట్లో అందరూ ఉన్నప్పుడు వేయకండి, ఎవరో ఒకరు మధ్యలో "కథేంటి?" అంటారు. ఒక్కరే, రాత్రి పూట చూడండి. బిళ్లకు గుండ్రపు గీత ఉంది. అయినా కొన్నాను. పైన చెప్పిన సలహాలు నాకు వర్తించవు.

మొత్తం పంతొమ్మిది. 'దాసి' లేదు. 'అనుగ్రహం' పేరు చెబితే భాయ్‌సాబ్ "కౌన్ హీరో?" అన్నాడు. స్మితా పాటిల్, వాణిశ్రీ, రావు గోపాలరావు అన్నాను. "ఏక్ పిక్చర్ మేఁ?" అని సోల్డరింగ్ గన్ను మొదటిసారి కింద పెట్టాడు. మరే. 1978లో బెనెగళ్ తెలుగులో తీసిన ఒకే ఒక్క సినిమా అది, ఆరుద్ర మాటలు రాశాడు, హిందీలో 'కొండూరా'. కోఠీ గుజరాతీ గల్లీకి కూడా వెళ్లి వచ్చాను. అక్కడ జరిగింది చెప్పడానికేం లేదు. ఎండ, జనం, హెచ్‌డీఎంఐ వైర్లు.

మధ్యాహ్నం మూడయింది. రైలుకు టైముంది. జూబ్లీ బస్టాండు మీదుగా అల్వాల్ పోయే బస్సెక్కాను. కొనడానికి కాదు, చూడడానికి.

కార్ఖానా దాటితే రోడ్డు దండు వాసన వేస్తుంది. పొడుగు గోడలు, ముళ్ల కంచె, గోడ వెనక వేపచెట్లు, సున్నం కొట్టిన రాళ్లు. తిరుమలగిరి. 1934 డిసెంబర్ 14న శ్యామ్ బెనెగళ్ పుట్టింది ఇక్కడే. తండ్రి శ్రీధర్ బెనెగళ్ ఫొటోగ్రాఫరు. కంటోన్మెంటు సైనికుల కోసం గ్యారిసన్ సినిమా హాలు ఉండేది. పిల్లవాడు ఆ హాల్లోనే పెరిగాడని చెప్పొచ్చు. పన్నెండేళ్లకే తండ్రి కెమెరాతో ఓ చిన్న సినిమా తీసేశాడు. నిజాం కాలేజీలో చదివాడు, హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ పెట్టాడు, బొంబాయి వెళ్లి ప్రకటనల కంపెనీలో వందల కొద్దీ యాడ్లు తీశాడు. నలభయ్యో పడిలో పడుతుండగా గానీ మొదటి సినిమా చేతికి రాలేదు. అది 1974లో 'అంకుర్'. షబానా ఆజ్మీకి తొలి విడుదల, అనంత్ నాగ్‌కు హిందీలో మొదటి వేషం. కాలేజీ రోజుల్లో రాసుకున్న కథనే ఇరవై ఏళ్లు కడుపులో పెట్టుకుని తిరిగాడు. తిరిగివచ్చి తీసింది తెలంగాణ పల్లెలోనే.

'అంకుర్' నాకు దొరికింది, పెట్టెలో అన్నిటికంటే అడుగున, హిందీ సినిమాల గుట్టలో. ఇది మా సినిమా అని తెలుగు పెట్టెలో ఎవరూ వేయరు. ఉత్తరాదివాళ్లకు అది ఆర్ట్ ఫిల్ము. మనకు అందులోవాళ్లు మాట్లాడే దక్కనీ ఉర్దూ పక్కింటి భాష. కింద ఇంగ్లీషు అక్షరాలు చదవక్కర్లేదు. చిన్న దొర సూర్య కొత్తగా ఊళ్లో దిగి, తనకు కులం పట్టింపు లేదని వంటమనిషి లక్ష్మి చేతి చాయ్ తాగే సీను చూడండి. ఆ చాయ్ ఎక్కడికి దారితీస్తుందో మన పల్లెల్లో పుట్టినవాడికి ముందే తెలుస్తుంది, తెలిసి కూడా కాళ్లు చల్లబడతాయి. ఆఖర్న ఓ పిల్లవాడి చేతిలో రాయి ఉంటుంది. అంతకుమించి చెప్పను, లైబ్రరీవాడు క్లైమాక్సు చెప్పకూడదు. దీన్ని ఎవరికి ఇవ్వాలంటే, మా నాయన మంచి దొర, ఎవర్నీ ఏమీ అనేవాడు కాదు అని పెళ్లిళ్లలో చెప్పుకునేవాళ్లకు. నాకు తెలిసి కాజీపేట, హనుమకొండల్లో కనీసం ముగ్గురున్నారు.

బెనెగళ్ 2024 డిసెంబర్ 23న పోయాడు. బస్సు కిటికీలోంచి చూస్తే ఆయన పేరున్న రోడ్డు గానీ బోర్డు గానీ నా కళ్లకు కనబడలేదు. సంగీత్‌కున్న పాటి అదృష్టం కూడా లేదు.

అల్వాల్‌లో దిగి చెరుకు రసం తాగాను. 'మా భూమి' నిర్మాత బి. నర్సింగరావు ఉండేది ఈ అల్వాల్‌లోనే. 'దాసి' ఆయనే తీశాడు. 1988 సినిమాలకిచ్చిన జాతీయ అవార్డుల్లో అయిదు దానికే. ఉత్తమ నటి అర్చన, కెమెరాకు ఏ.కె. బీర్, కళకు మన తోట వైకుంఠం, దుస్తులకు పీతాంబరం సుదర్శన్, పైగా ఉత్తమ తెలుగు చిత్రం. నా లైబ్రరీలో ఒకే క్యాసెట్టు ఉండేది. గడీలో ఒక దాసి బతుకు, గంటన్నర. మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తలుపు గడియ చప్పుడు, కాళ్లు పిసుకుతున్న చేతులు, వేడినీళ్ల కాగు. అద్దెకు తీసుకున్నవాళ్లు చాలామంది "సౌండ్ రావట్లేదు" అని వెనక్కి తెచ్చారు. ఒక్క మా లోకో డ్రైవరు మాత్రం రెండు రోజులు ఉంచుకుని తెచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, నైట్ డ్యూటీ వల్ల అనుకున్నాను. ఏళ్లు గడిచాక చెప్పాడు, వాళ్ల నాయనమ్మ ఓ గడీలో దాసి అని. ఇప్పుడు చీటీ మీద ఆ ఒక్క పేరే ఎందుకు రాశాడో నాకు వేరే చెప్పనక్కర్లేదు.

అలాంటి సినిమా తీసినాయన ఉంటున్న ఊరి బజార్లోనే అది దొరక్కపోవడం నాకు మింగుడు పడలేదు. మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద', 1932ది, ఒక్క ప్రింటు కూడా మిగల్లేదంటే ఎప్పటి సంగతో అనుకుంటాం. ఫిల్ముకు నిప్పంటుకునే కాలం, పుణేలో ఫిల్మ్ ఆర్కైవ్ అంటూ పెట్టిందే 1964లో. కానీ 'దాసి' నా కౌంటర్ మీద ఉన్న సినిమా. పోవడం మన కళ్ల ముందే మొదలవుతుంది, అట్టపెట్టెలో అడుగున.

తిరిగి వస్తూ పద్మారావునగర్ వెళ్లాలనుకున్నాను, కుదర్లేదు. శేఖర్ కమ్ముల పెరిగింది అక్కడే, 2004లో 'ఆనంద్'ను చాలావరకు ఆ వీధుల్లోనే తీశాడు. చిరంజీవి 'శంకర్‌దాదా ఎంబీబీఎస్' విడుదలైన రోజే విడుదలై నిలబడింది. మేనకోడలు గాంధీ మెడికల్ కాలేజీలో చదివినప్పుడు అక్కడే గదిలో ఉండేది. ఆమెకు సినిమా కాదు కావలసింది, ఆ గేటు, ఆ వాన, ఆ సందు. పెట్టెల్లో దొరికిన 'ఆనంద్' పంపించాను. పోస్టు ఖర్చు సినిమాకు ముప్పై రెట్లయింది.

ఇంటికొచ్చాక సంచుల లెక్క తేలింది. సాంబ్రాణి మర్చిపోయాను. ఆ విషయం ఇక్కడితో వదిలేద్దాం.

అక్కకు 'మల్లీశ్వరి' డీవీడీ వేసిచ్చాను. మూలన కంపెనీ ముద్ర, కింద నడిచే ఫోన్ నంబరు. అయినా ఆపలేదు. నాగరాజు రాయి చెక్కుతుండగా బొమ్మ గడ్డకట్టింది. నేను లేచి బిళ్ల తీసి తుడుద్దామంటే, "ఉండు తమ్ముడూ, నాకు యాదికున్నది" అని తర్వాతి మాటలు తనే చెప్పడం మొదలుపెట్టింది. బొమ్మ కదిలే దాకా చెప్పింది. రెండు మాటలు తప్పు. నేను దిద్దలేదు.

లోకో డ్రైవరుకు ఖాళీ చేతులు చూపించాను. "పోనీలే" అన్నాడు గానీ చీటీ వెనక్కి తీసుకోలేదు. దసరాకు మళ్లీ వెళ్తాను, ఈసారి సుల్తాన్ బజార్, జుమ్మేరాత్ బజార్ కూడా చూస్తాను. మీ ఇంట్లో అటక మీద, పాత టీవీ కింద 'దాసి' ఉంటే, క్యాసెట్టైనా సరే, వారం రోజులు ఇప్పించండి. చూపించి భద్రంగా తెచ్చిస్తాను, తిప్పి మరీ.